ఆక్యుపేషనల్ థెరపిస్టుకు జీతం ఎంత? అది ఇచ్చేదెవరు?

(సొసైటీ వార్షిక సభలో చదివిన ఉపన్యాస పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఇన్నేళ్ళుగా పాఠమంతా ఉర్దూలోనే చెప్పి చెప్పి, ఇప్పుడు తెలుగులో ఉపన్యాసం రాయాలంటే చేయి కాస్త తడబడింది. మా పక్కింటి తెలుగు మాస్టారు ఒకసారి చూసి దిద్దిపెట్టారు. ఆ తర్వాత కూడా తప్పులు మిగిలితే అవి నావే అనుకోండి.

పిల్లల చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. ఇంజనీరింగు గురించి, డాక్టరు చదువు గురించి ఈ వేదిక మీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెప్తూనే వున్నారు. మనలో చాలామంది పేరైనా వినని ఒక ఉద్యోగం గురించి, అందులోనూ దాని జీతం గురించి నేను ఈసారి మాట్లాడతాను. జీతం గురించి మాట్లాడితే చిన్నతనం అనుకునేవారు వున్నారు. మన ఇళ్ళలో మాత్రం చదువు మాట వచ్చినప్పుడు మొదటి ప్రశ్న కాకపోయినా రెండో ప్రశ్న అదే.

మొన్నటి వేసవిలో నా పాత విద్యార్థిని తండ్రి మా ఇంటికి వచ్చాడు. ఆయనది సైకిల్ షాపు. అమ్మాయి పదో తరగతి దాకా నా దగ్గర చదివింది, తర్వాత బైపీసీ చేసింది. నీట్ పరీక్షలో సీటు వచ్చేటంత ర్యాంకు రాలేదు. “మాస్టర్ సాబ్, ఇది ఇప్పుడు ఓ.టి. కోర్సు చేస్తానంటున్నది. ఆపరేషన్ థియేటర్లో సామాన్లు అందించే పనా?” అని అడిగాడు. కాదు భాయ్, ఇది వేరే ఓ.టి., ఆక్యుపేషనల్ థెరపీ అన్నాను. “సరే, ఏదో ఒకటి. ఎంతొస్తుంది?” అన్నాడు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. సిగ్గుతో చెప్తున్నాను, ఆ పనికి నా చేత్తో నేనే డబ్బు ఇచ్చి వుండి కూడా తోచలేదు.

2018లో మా అబ్బాజాన్‌కు పక్షవాతం వచ్చింది. ఆయన నలభై ఏళ్ళు దర్జీ పని చేసిన మనిషి. కుడి చేయి పడిపోయింది. ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టారు, ఫిజియోథెరపీ చేసి నడిపించారు. ఇంటికి వచ్చాక నడుస్తున్నాడు గాని ముద్ద కలుపుకోలేడు, చొక్కా గుండీ పెట్టుకోలేడు. అన్నిటికీ అమ్మీ కావాలి. అప్పుడు ఎవరో చెప్తే ఒక అమ్మాయి ఇంటికి రావడం మొదలుపెట్టింది. వచ్చిన రోజు ఆమె చేతిని ముట్టుకోకముందే, “చాచా, మీరు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏమేం చేసేవారు?” అని గంటసేపు అడిగింది. చెంచా పిడికి స్పాంజి చుట్టి లావు చేసింది. చొక్కా వేసుకునేటప్పుడు ముందు బలం లేని చేయి దూర్చాలి, విప్పేటప్పుడు బలమున్న చేయి ముందు తీయాలి అని నేర్పింది. మా డబ్బాలోని గుండీలే పళ్ళెంలో పోసి ఏరించింది. మూడు నెలలు పోయాక పాత కత్తెర తెప్పించి, దాని పిడికి గుడ్డ చుట్టి, ఆయన చేతిలో పెట్టింది.

ఆమె ఒక్కసారి రావడానికి 500 రూపాయలు అడిగింది. నేను బేరమాడి 350కి ఒప్పించాను. రెండు బస్సులు మారి వచ్చేది. అబ్బాజాన్ కత్తెరతో గుడ్డ కోసిన రోజు వీధంతా లడ్డూలు పంచాను గాని, ఆ 150 రూపాయల సంగతి నాకు గుర్తు రాలేదు. సైకిల్ షాపు భాయ్ “ఎంతొస్తుంది” అని అడిగిన నాటి రాత్రి గుర్తొచ్చింది. జీతం తక్కువ ఎందుకుంటుందో తెలుసుకోవడానికి నేను ఎక్కడికీ పోనక్కర లేదు, నా బేరమే చాలు.

ఆక్యుపేషనల్ థెరపీ అంటే పేరు చూసి వృత్తి విద్య అనుకోకండి. మనిషి రోజంతా చేసుకునే పనులు, అంటే తినడం, స్నానం, బట్టలు, రాత, వంట, ఆట, బతుకుతెరువు, ఇవన్నీ జబ్బు వల్లనో పుట్టుక లోపం వల్లనో చేయలేకపోతే మళ్ళీ చేయగలిగేట్టు చూడడం దాని పని. ఫిజియోథెరపిస్టు కాలు కదిలిస్తే, ఈమె ఆ కాలితో స్నానాల గదికి పోయి రావడం నేర్పుతుంది. ఇంత కచ్చితంగా గీత గీస్తే ఆ ఇద్దరూ ఒప్పుకోరు, కాని మనకు అర్థం కావడానికి చెప్తున్నాను. ఈ వృత్తికి సంఘం అమెరికాలో 1917లో ఏర్పడింది. మన దేశంలో మొదటి బడి 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో వచ్చింది. దాన్ని పెట్టినావిడ కమలా నింబ్కర్, అమెరికాలో పుట్టి మన దేశపు కోడలైన మనిషి.

ఇక జీతం. ముందు మన దేశం సంగతి.

కేంద్ర ప్రభుత్వ ఆస్పత్రుల్లో, జాతీయ సంస్థల్లో ఈ ఉద్యోగానికి చాలా ప్రకటనల్లో 6వ లెవెల్ అని వుంటుంది. 2016 నుంచి అమలైన 7వ వేతన సంఘం లెక్కలో దాని మొదటి మూలవేతనం నెలకు 35,400 రూపాయలు. పైన కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం. గౌరవమైన జీతమే. అయితే ఆ పోస్టులు ఎన్ని? ఒక పెద్ద ఆస్పత్రిలో నర్సులు వందల్లో వుంటే వీళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పత్రికలో ఒక్క ఖాళీ పడితే దేశం నలుమూలల నుంచి దరఖాస్తులు వస్తాయి.

మిగతావారంతా ప్రైవేటులోనే. నేను ముగ్గురిని అడిగి తెలుసుకున్నాను. కొత్తగా చేరిన అమ్మాయికి నెలకు 18 వేలు ఇస్తున్నారు. ఐదేళ్ళ అనుభవం వున్న ఆవిడ పిల్లల థెరపీ సెంటరులో చేస్తుంది. అక్కడ తల్లిదండ్రులు ముప్పావు గంటకు 700 కడితే అందులో సగం ఆమె చేతికి వస్తుంది. పిల్లవాడు రాని రోజు ఏమీ రాదు. మూడో ఆవిడ సొంతంగా రెండు గదులు అద్దెకు తీసుకుని నడుపుతున్నది. ఆదాయం ఎంతని అడిగితే నవ్వి, “మీ జీతంకన్నా ఎక్కువే మాస్టర్ సాబ్” అన్నది. ముగ్గురి మాట విని దేశమంతా ఇంతే అనడం లెక్కల మాస్టరు చేయకూడని పని. కాని ఒక సంగతి ముగ్గురి దగ్గరా ఒకటే. డబ్బు వచ్చేది రోగి ఇంటివారి జేబులోంచి.

అసలు మాట ఇక్కడే వుంది. మన దేశంలో ఆరోగ్య బీమా చాలావరకు ఆస్పత్రిలో పడుకున్న రోజులకే పలుకుతుంది. గుండె ఆపరేషనుకు లక్షలు ఇస్తుంది, ఆ తర్వాత ఆరు నెలలు ఇంటికొచ్చి చేయించే థెరపీకి చేయి ముడుస్తుంది. నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకం వుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం వున్నవారికి అది 1 లక్ష రూపాయల దాకా బీమా. ఇంటికి తిరుగుతూ చేయించుకునే థెరపీ ఖర్చు కూడా కొంత పరిమితి దాకా అందులో వస్తుంది. మన సభ్యుల ఇళ్ళలో అటువంటి పిల్లలు వుంటే ఆ పథకం గురించి తప్పక విచారించండి. ఏడాదంతా వారానికి రెండుసార్లు తిప్పితే మాత్రం ఆ పరిమితి ఏ మూలకూ చాలదు. కాబట్టి తండ్రి జేబు ఎంతో థెరపిస్టు జీతం అంత. హైదరాబాదులో పిల్లల సెంటర్లు వీధికొకటి వస్తున్నాయి, గిరాకీ పెరిగింది, జీతాలూ కొంత పెరిగాయి. జిల్లా కేంద్రంలో అదే చదువుకు అదే చేతికి ఆ డబ్బు రాదు, ఎందుకంటే ఇక్కడ నాలాంటి బేరగాళ్ళు ఎక్కువ.

ఇప్పుడు సైకిల్ షాపు భాయ్ అడిగిన ఇంకో ప్రశ్నకు వస్తాను. “అమెరికాలో బాగా ఇస్తారట గదా?”

ఇస్తారు. ఆ దేశపు కార్మిక శాఖ లెక్క ప్రకారం 2024 మే నాటికి ఆక్యుపేషనల్ థెరపిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 98,340 డాలర్లు. మధ్యస్థం అంటే సగంమందికి అంతకన్నా ఎక్కువ, సగంమందికి తక్కువ. నా దగ్గర చదివినవారికి ఇది గుర్తుండాలి! డాలరుకు 85 రూపాయలు వేసుకుంటే సుమారు 83 లక్షలు. ఈ అంకె చెప్పగానే భాయ్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. దూరపు కొండలు నునుపు అంటారు గదా. కొంచెం దగ్గరికి పోయి చూద్దాం.

అక్కడ కూడా జీతాన్ని నిర్ణయించేది, బిల్లు కట్టేవారే. 65 ఏళ్ళు దాటినవారికి మెడికేర్ అని ప్రభుత్వ బీమా వుంది, 1965లో చట్టమైంది. ఆస్పత్రి నుంచి వచ్చి కొన్నాళ్ళు నర్సింగ్ హోములో వుండే ముసలివారి థెరపీకి అది డబ్బు ఇస్తుంది. ఒకప్పుడు ఎన్ని నిమిషాలు థెరపీ చేస్తే అంత రేటు. వారానికి 720 నిమిషాలకు చేరితే అన్నిటికన్నా పై రేటు. అందుకని నర్సింగ్ హోములు థెరపిస్టులను పోటీపడి పెట్టుకున్నాయి. 2019 అక్టోబరు 1 నుంచి ఆ పద్ధతి తీసేశారు. నిమిషాలు కాదు, రోగి పరిస్థితిని బట్టి ఇంత అని ఇస్తామన్నారు. ఆ నెలలోనే ఎంతోమంది థెరపిస్టుల ఉద్యోగాలు పోయాయి, ఇంకా చాలామందికి పనిగంటలు తగ్గించారు. ముసలివారి అవసరం తగ్గలేదు, థెరపిస్టుల చేతిలోని విద్య తగ్గలేదు. రాజధానిలో ఒక లెక్క మారింది, అంతే. అంతకు ఇరవై ఏళ్ళ ముందు కూడా ఇలాగే జరిగింది. 1997లో ఒక బడ్జెటు చట్టం చేసి థెరపీ ఖర్చుకు ఏడాదికి ఇంతే అని పరిమితి పెట్టారు. అది పూర్తిగా పోయింది 2018లో.

వాళ్ళ దగ్గర థెరపిస్టు కింద అసిస్టెంటు అని ఒక మెట్టు వుంది. రెండేళ్ళ చదువు. 2024లో వారి మధ్యస్థ వేతనం సుమారు 68 వేల డాలర్లు. 2022 జనవరి నుంచి అసిస్టెంటు చేత చేయించిన పనికి మెడికేర్ పూర్తి రేటు కాక 85 శాతమే ఇస్తున్నది. రోగికి చేసిన పని ఒకటే, చేసినవారి పట్టాను బట్టి వెల వేరు.

ఎక్కడ పనిచేస్తారన్నది ఇంకో సంగతి. రోగుల ఇళ్ళకు వెళ్ళి చేసేవారికి, నర్సింగ్ హోముల్లో, ఆస్పత్రుల్లో చేసేవారికి ఎక్కువ. బళ్ళలో చేసేవారికి తక్కువ. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ప్రపంచంలో ఎక్కడ చూసినా బడిలో అడుగుపెట్టినవాడి జీతం ఇంతేనేమో! వేసవి సెలవులున్నాయి గదా అని అక్కడ కూడా అంటారట. అసలు బడిలో థెరపిస్టు ఎందుకున్నదంటే, 1975లో వాళ్ళు చేసిన చట్టం వికలాంగులైన పిల్లలకు బడిలోనే ఈ థెరపీ ఇవ్వాలన్నది. చట్టం వచ్చింది గనుక ఉద్యోగం వచ్చింది. మన మండలాల్లో భవిత కేంద్రాలు వున్నాయి, అక్కడ ప్రత్యేక టీచర్లు వున్నారు, ఫిజియోథెరపీకి ఏర్పాటు వుంది. ఆక్యుపేషనల్ థెరపిస్టు పోస్టు మాత్రం నేను చూసిన ఏ కేంద్రంలోనూ లేదు. పెన్సిల్ పట్టుకోలేని పిల్లలు నా తరగతిలోనే ఇద్దరు వున్నారు.

రాష్ట్రాన్ని బట్టి కూడా తేడా వుంటుంది. కాలిఫోర్నియాలో జీతం ఎక్కువ, ఇంటి అద్దె ఇంకా ఎక్కువ. పైగా ప్రత్యేక విద్య నేర్చుకుంటే విలువ పెరుగుతుంది. ఉదాహరణకు చేతి చికిత్సలో పట్టా కావాలంటే మూడేళ్ళ అనుభవం, అందులో చేతి రోగుల మీదే 4,000 గంటల పని చూపించి, పరీక్ష పాసు కావాలి. రోజుకూలీ లాగ పిలిచినప్పుడే పోయి చేసేవారికి గంటకు ఎక్కువ ఇస్తారు, కాని సెలవు లేదు, బీమా లేదు, రేపు పిలుస్తారన్న భరోసా లేదు. ఇంకో కారణం ఎవరూ గట్టిగా అనరు. ఈ పనిలో ఎక్కువమంది స్త్రీలు. అక్కడా, ఇక్కడా. “ఇంటి ఖర్చుకు మొగుడున్నాడు గదా, ఆమెకు ఇది చాలు” అనే లెక్క యజమాని మనసులో వుంటుంది. మన సెంటర్లలో ఆ మాట పైకే అంటారు. నాతో ఒక సెంటరు యజమాని అన్నాడు. నేను బేరమాడినప్పుడు నా మనసులో కూడా అదే వుందేమోనని ఇప్పుడు అనుమానం వస్తున్నది.

సరే, ఆ కొండ ఎక్కడానికి దారి ఎట్లా వుంది? అమెరికాలో 2007 నుంచి ఈ వృత్తిలో అడుగు పెట్టడానికి మాస్టర్స్ స్థాయి చదువు కావాలన్నారు. మన దగ్గర డిగ్రీ చేసినవారి చదువును వారి పరీక్షా మండలి తూచి చూస్తుంది. మామూలు డిగ్రీ ఒక్కటే అయితే చాలదు, పైన చదవాలి. ఆ తర్వాత వారి పరీక్ష, ఆ తర్వాత రాష్ట్ర లైసెన్సు, ఆ తర్వాత వీసా. గ్రీన్‌కార్డు విషయంలో నర్సులకు, ఫిజియోథెరపిస్టులకు ఒక సులువు వుంది. మా దగ్గర వీరి కొరత వుందని ఆ దేశమే ముందుగా ఒప్పుకున్న జాబితాలో ఆ రెండు పేర్లూ వున్నాయి. ఆక్యుపేషనల్ థెరపిస్టు పేరు అందులో లేదు. 2025 సెప్టెంబరులో, దేశం బయట వున్నవారి కోసం కొత్తగా వేసే హెచ్-1బి అర్జీల మీద 1 లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. లెక్క చూడండి, థెరపిస్టు ఏడాది జీతమంతా పెట్టినా ఆ రుసుము తీరదు. 83 లక్షలు అని విని ప్లాటు అమ్మేవారు ఇది కూడా వినాలి.

ఇంగ్లండు సంగతి కొంచెం వేరు, త్వరగా చెప్తాను. అక్కడ ఎక్కువమంది ప్రభుత్వ వైద్య సేవలోనే వుంటారు. 2004 నుంచి మెట్లు మెట్లుగా వేతనాలు రాసిపెట్టి వున్నాయి. కొత్తవారు 5వ మెట్టులో చేరతారు. 2025-26లో ఆ మెట్టు 31,049 పౌండ్లతో మొదలై 37,796 వద్ద ముగుస్తుంది. 6వ మెట్టు 38,682 నుంచి 46,580 దాకా. లండను నడిబొడ్డున పనిచేస్తే దాని మీద 20 శాతం అదనం, దానికీ కింద పైన హద్దులున్నాయి. అక్కడ నర్సుకూ థెరపిస్టుకూ ఒకటే పట్టిక. అమెరికా అంత రాదు, కాని ఎవరికెంతో గోడ మీద రాసినట్టు వుంటుంది, బేరం లేదు. ఆ పట్టిక చూసినప్పుడు మా ఇంటికి రెండు బస్సులు మారి వచ్చిన ఆ అమ్మాయి కళ్ళ ముందు నిలిచింది.

ఇదంతా తెలుసుకున్నాక భాయ్‌కు నేను చెప్పింది ఇది. “మొదటి మూడేళ్ళు నీ సైకిల్ షాపు రాబడికన్నా తక్కువే రావచ్చు. ప్రభుత్వ పోస్టు వస్తే అదృష్టం, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. పిల్లల చికిత్సో, చేతి చికిత్సో ఒకటి గట్టిగా పట్టుకుంటే ఐదారేళ్ళకు నిలబడుతుంది. అమెరికా లెక్క వేసుకుని అప్పు చేయకు.” ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “డొనేషన్ ఎంత?” అన్నాడు. దానికి మాత్రం నా దగ్గర మంచి జవాబు వుంది.

మన తెలుగు రాష్ట్రాల్లో ఫిజియోథెరపీకి కాలేజీలున్నంతగా దీనికి లేవు. కాని కటక్ దగ్గర వున్న స్వామి వివేకానంద జాతీయ సంస్థలో, కోల్‌కతాలో, ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థలు ఈ డిగ్రీ చెప్తాయి. ప్రవేశ పరీక్ష వుంటుంది, డొనేషన్ మాట లేదు. వెల్లూరు సి.యం.సి.లో కూడా వుంది. నాలుగేళ్ళ చదువు, దాని పైన ఇంటర్న్‌షిప్. కాలేజీలో చేరే ముందు ఒకటి తప్పక చూడండి. ఆ కోర్సుకు ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ఆమోదం వుందా లేదా అని. ఆ సమాఖ్య 1952లో పుట్టినప్పుడు దాన్ని స్థాపించిన దేశాల్లో మనదీ ఒకటి. ఆ ఆమోదం లేని చోట చదివితే బయటి దేశాల తలుపు కొట్టడమే కష్టం. 2021లో మన పార్లమెంటు ఇటువంటి వృత్తులకోసం జాతీయ కమిషన్ చట్టం చేసింది, అందులో ఈ వృత్తి కూడా వుంది. రిజిస్ట్రేషన్ సక్రమంగా జరిగితే, మూడు నెలల సర్టిఫికెట్టు తెచ్చుకుని బోర్డు పెట్టేవారి పోటీ తగ్గుతుంది. ఆ పోటీ కూడా జీతాలు కిందికి లాగుతున్నదని ఆ సొంత సెంటరు ఆవిడే నాతో అన్నది.

అమ్మాయి తల్లికి మాత్రం డబ్బు సంగతి కాదు, దూరం సంగతి. “ఆడపిల్లను ఒడిశా పంపుతామా?” అన్నది. నేను ఆ ఇంటికి రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి అబ్బాజాన్‌ను వెంట తీసుకెళ్ళాను. ఆయన నేనేమీ చెప్పకుండానే చొక్కా గుండీ విప్పి, మళ్ళీ పెట్టి చూపించాడు.

చివరగా కమిటీ పెద్దలకు ఒక అర్జీ. మన సొసైటీ స్కాలర్‌షిప్ ఫారంలో ఇంజనీరింగు, ఎం.బి.బి.ఎస్., ఫార్మసీ, డిప్లొమా అని నాలుగు గళ్ళు వున్నాయి. ఈ అమ్మాయి ఫారం తెచ్చుకుని, ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలియక ఖాళీగా నా దగ్గరికి తెచ్చింది. వచ్చే ఏడాది ఫారం అచ్చు వేయించేటప్పుడు అందులో ఇంకో గడి పెట్టించండి. హాస్టలు ఖర్చు కూడా ఫీజుతో సమానంగా లెక్కించండి, ఎందుకంటే ప్రభుత్వ సంస్థలో ఫీజుకన్నా హాస్టలు, రైలు టిక్కెట్లే బరువు. ఆ అమ్మాయి ప్రవేశ పరీక్ష రాసి వచ్చింది. ఫలితం ఇంకా రావలసి వుంది.